మొదటి మాట మర్యాద

"అయిపోయిందండీ," అంది ఎదుటి కుర్చీలోని ఆవిడ, కొంగు భుజాల చుట్టూ లాక్కుంటూ.

సత్యవేణి ఆ మాట జోలికి పోలేదు. గోడంత పలక మీద ఆ క్రియ పసుపుపచ్చగా వెలుగుతూ ఆరుతూ ఉంది. దాని కింద ఇంగ్లీషు రూపాలు మూడు, కూలికి నిలబడ్డ మనుషుల్లా, ఎవరికి పిలుపొస్తుందా అని కాచుకుని ఉన్నాయి. మొదటిది తెగిన గతం, మధ్యది తగిలే గతం, చివరిది వెనకటి గతం. నిర్ణేతగా సత్యవేణి వేలు ఎక్కడ ఆనితే అది ఖాయం.

"కాస్త మజ్జిగ తాగుతారా?"

"ఒద్దండీ. దాహం లేదండీ."

ఆవిడ పెదవులు ఎండిపోయి పొరలు లేచి ఉన్నాయి. సత్యవేణి గ్లాసు ఆమె ముందు పెట్టి, ఏదో పనున్నట్టు కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి గ్లాసు ఖాళీ.

"మీ చేపల చెరువు సంగతి చెప్పండి."

"ఇంకేం చెరువండీ, అంతా అయిపోయింది. మా గోల మీకెందుకు? మీ పనులు మీకుంటాయి కదండీ."

పసుపు రంగు పోలేదు. సత్యవేణి కూడా తొందరపడలేదు. "పోయిన ఎండల్లో లంకకి వెళ్ళారా?" అంది మామూలుగా.

"ఎళ్ళకపోతే ఎలాగండీ?" ఆవిడ ఒక్కసారిగా ముందుకి వంగింది. "చెరువు తూము నేను కాకపోతే ఎవరు తీస్తారు? మా అత్తగారు నాటిన పనసచెట్టుందండీ. కాయ దిగిందో లేదో నేను చూసుకోవద్దా? అదేంటండీ బాబూ, అలా అడుగుతారు!"

సత్యవేణి వేలు మధ్య రూపం మీద ఆనింది. పలక ఆకుపచ్చగా మారింది. ఆవిడ లంకలో నీళ్ళు తోడే మోటార్లకు ఇంకో ఏడాది ఊపిరి పోసినట్టే. ఆ సంగతి ఆవిడకు తెలియదు. మజ్జిగ బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయింది.

మొదటి మాట మర్యాద, రెండో మాట మొహమాటం, మూడో మాట మనసు. ఇది ఏ శిక్షణలోనూ చెప్పిన సూత్రం కాదు. సత్యవేణి వినీ వినీ పట్టుకున్నది. గోదారి మనిషిని ఆఫీసులో కూర్చోబెట్టి ఏం అడిగినా ముందు అయిపోయిందనే అంటాడు. కడుపు కాలుతూ వచ్చిన చుట్టాన్ని భోజనం అయిందా అని అడిగితే "అయిందండీ" అనడూ, అలాగే. అందులో అబద్ధమేం లేదు. ఎదుటివాళ్ళకు బరువు కాకూడదన్న పుట్టుబుద్ధి అది. మరి మధ్యస్థికి ఈ మర్యాదలేం తెలుస్తాయి?

మధ్యస్థి అనే ఆ యంత్రం ఏ దేశంలో ఉందో, ఏ సముద్రం అడుగున చల్లబడుతోందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఏ లంకను కాపాడాలో ఏది నీటికి వదలాలో చెప్పే తీరసంధి రాసుకున్నది ఇంగ్లీషులో గనక అది చదివేదీ ఇంగ్లీషే. తెలుగులో "బతికాం" అంటే సరిపోతుంది. బతికి వదిలేసి వచ్చినా, ఇప్పటికీ ఆ బతుకే వెంట వస్తున్నా ఒకటే మాట. ఇంగ్లీషు అలా ఊరుకోదు. లివ్డ్ అంటే తలుపేసి తాళం పెట్టినట్టు. హావ్ లివ్డ్ అంటే తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టకుండా వచ్చినట్టు. హాడ్ లివ్డ్ అంటే ఆ తలుపు వెనక ఇంకో తలుపు. తెలుగు నోట్లో ఉన్నది ఈ మూడింట్లో ఏదో మధ్యస్థి ఎంత లెక్క కట్టినా తేలలేదు. అందుకే మనుషుల్ని పెట్టుకుంది. వాళ్ళకు కాలనిర్ణేతలని పేరు.

లంకలో ఒక్క గడపైనా తగిలే గతంలో నిలబడితే చాలు, కరకట్ట కాపాడాలి, మోటార్లు తిప్పాలి, ఎండాకాలం వాళ్ళను వాళ్ళ నేల మీదికి పోనివ్వాలి. ఆఖరి గడప కూడా తెగిపోతే తూములు ఎత్తేస్తారు. లంక జలభాగమైపోతుంది. వరద అక్కడ పరుచుకుంటుంది గనక పక్క గట్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. వానాకాలమంతా మెరక కాలనీల్లో తలదాచుకునే లంకవాళ్ళను ఏటా ఒకసారి పిలిచి మాట్లాడించేది ఇందుకే.

వినికిడి గదిలో నోరు జాగ్రత్తగా పెట్టుకోవాలి. ప్రశ్నలోని క్రియను పలక పట్టించుకోదు గానీ, ఎవరి నోటి నుంచైనా జరిగిపోయిన సంగతి ఒకటి ఊడిపడితే దాన్ని పట్టేస్తుంది. దాని కాలం తేలేదాకా ముందుకు కదలదు. ఒకసారి టీలు తెచ్చే సూరన్న గుమ్మంలో నిలబడి "పాలు విరిగిపోయేయండీ" అన్నాడు. ఇక చూడండి, సంధి పని మొత్తం ఆగిపోయింది. ఆ పాలు తెగిన గతంలో విరిగాయా, తగిలే గతంలో విరిగాయా అని సత్యవేణి కూర్చుని నిర్ణయించాల్సి వచ్చింది. టీ ఇంకా రాలేదు గనక తగిలేదే అని వేలు పెట్టింది. ఆ పూట ఇందుమతి నవ్వలేక పొట్ట పట్టుకుని కుర్చీలోంచి జారిపోయింది.

ఇందుమతిది పక్క గది. సొంత లంకవాళ్ళ మాట నిర్ణేత వినకూడదు, బంధువుల మాట అసలే వినకూడదు. అలాంటప్పుడు నమ్మకమైన తోటివారిని మారుచెవిగా పెట్టుకోవాలి. సత్యవేణిది పైడిలంక, ఇందుమతిది దాని పక్కనే ఉన్న కాకితిప్ప. ఉద్యోగంలో చేరిన రోజే ఇద్దరూ చెవులు మార్చుకున్నారు. నీ లంక నాకు, నా తిప్ప నీకు. అప్పట్నుంచీ ఒకరినొకరు ఒదినా అనే పిలుచుకుంటారు, మధ్యాహ్నం ఒకే కేరేజీ విప్పుకుంటారు. మూడుసార్లు అడగాలన్న కిటుకు సత్యవేణి చెప్పింది ఒక్క ఇందుమతికే. కాకితిప్పవాళ్ళ ప్రతి గడపనూ ఏటేటా మూడేసిసార్లు అడిగి పచ్చగా నిలబెట్టింది సత్యవేణి వేలే.

ఆ మధ్యాహ్నం సత్యవేణి కేరేజీ పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి బల్ల మీద అబ్బులు కనిపించాడు. పైడిలంక మొత్తానికి కొబ్బరి దింపు తీసే మనిషి. ముసలాడైనా ఇప్పటికీ ఎండలొస్తే చెట్టెక్కందే ఊరుకోడు. ఆమెను చూడగానే లేచి నిలబడబోయాడు.

"కూర్చోండి బాబాయ్. మీ మాట అయిందా?"

"ఆయ్. అయిపోయిందమ్మా. చిటికెలో అయిపోయింది. నీ సావాసగత్తె ఎంత మంచి పిల్లనుకున్నావ్! కూకోమంది, ఒక్క మాట అడిగింది, ఎల్లి రండి బాబాయ్ అంది. అంతే."

సత్యవేణి కేరేజీ బల్ల మీద పెట్టింది. "ఒక్క మాటా?"

"ఒక్కటే. లంకలో మీ పనీ అదీ ఎలాగుంది అంది. పెద్దోళ్ళ దగ్గర మన ఏడుపు ఏం ఏడుస్తాం? అయిపోయిందమ్మా అన్నాను. గోడ మీద ఏదో ఎర్రగా ఎలిగింది. బాగుంది, అయిపోయింది."

"మళ్ళీ అడగలేదా? మజ్జిగ ఇవ్వలేదా?"

"అదే చెప్తున్నాను. మనల్ని ఇసిగించదు. మన లంకోళ్ళందరూ ఆ అమ్మాయినే మెచ్చుకుంటున్నారు. మన పల్లాలమ్మనీ అలాగే ఒక్క మాటలో పంపేసిందంట, మన భద్రాన్నీ అంతే." అబ్బులు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఈ యేడు తుపాను తగ్గేక ఎల్లాలమ్మా. తూర్పు చెట్లకి మోకు కట్టి చాన్నాళ్ళయింది. నువ్వూ వస్తావా?"

సత్యవేణి వరండా చివరికి చూసింది. నిర్ణేతలకు సొంత లంక పుట తెరుచుకోదు. ఇన్నాళ్ళూ ఇందుమతి నోటితో చెప్పిందే లెక్క. "మీ వాళ్ళంతా పచ్చగా ఉన్నారొదినా, నువ్వు నిశ్చింతగా ఉండు" అని నిన్న కూడా వంకాయకూర వడ్డిస్తూ అంది. వరండా చివర అందరికీ కనిపించే పలక ఒకటుంది. అందులో ఉన్నదంతా ఇంగ్లీషే గనక లంకవాళ్ళెవరూ దాని వైపు చూడరు. ఇందుమతి మాట ఉందిలే అని ఇన్నాళ్ళూ అటు పోని సత్యవేణి వెళ్ళి చూసింది.

పైడిలంక: చివరి గొంతు.

కింద ఎర్రటి పేర్ల వరస. అబ్బులు పేరు ఇంకా కొత్తగా మెరుస్తోంది. వరసకి అడుగున పసుపుపచ్చగా ఒకే ఒక్క పేరు, ఆమెదే. వినికిడి ఈ మధ్యాహ్నమే. వినేది ఇందుమతి.

ఆమెకు ముందు కోపం రాలేదు. సిగ్గేసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, తన కిటుకే తన ఊరి పీకకు చుట్టుకుంది. మొదటి మాట మర్యాద అని తెలియనివాళ్ళు తెంచితే అది తెలివితక్కువతనం. తెలిసి తెంచడం వేరు. ఇందుమతికి తెలుసు. ఆమెకు నేర్పింది తనే. కత్తీ కటారీ అక్కర్లేకుండా, ఒక్కరి చేత కూడా అయ్యో అనిపించకుండా తడిగుడ్డతో లంక గొంతు కోసింది, పైగా కోయించుకున్నవాళ్ళ చేతే మెప్పు పొందింది. ఒకే కేరేజీలో తిన్న మనిషి.

కేరేజీ విప్పకుండానే వినికిడి గదికి వెళ్ళింది.

ఇందుమతి నిర్ణేత కుర్చీలో ఉంది. సత్యవేణి మొదటిసారి సాక్షి కుర్చీలో కూర్చుంది. అది నిర్ణేత కుర్చీ కంటే కాస్త కురచ. బల్ల మీద మజ్జిగ కూజా మూత పెట్టి నిండుగా ఉంది. పక్కనే బోర్లించిన గ్లాసు తడి కూడా తగలకుండా పొడిగా ఉంది. ఈ గదిలో ఎవరికీ మజ్జిగ పోయలేదని దాన్ని చూస్తేనే తెలుస్తోంది.

"పైడిలంకలో మీ గడప గురించి చెప్పండి," అంది ఇందుమతి, కళ్ళు పలక మీద పెట్టి.

సత్యవేణి ఎదురు ప్రశ్న వేసింది. ప్రశ్నకు పలక అడ్డు రాదని ఇద్దరికీ తెలుసు.

"మా అబ్బులు బాబాయిని ఎన్నిసార్లు అడిగావు?"

ఇందుమతి చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. "ఒదినా, గదిలో ఇలాంటివి మాట్లాడకూడదు."

"మా వాళ్ళందర్నీ ఒక్కొక్కసారే అడిగావా?"

"నువ్వనుకుంటున్నది కాదొదినా. నేనలాంటిదాన్నా?"

ఇది మర్యాద, అనుకుంది సత్యవేణి. "ఒక్కసారే అడిగావా?"

"బయటికి రా. అన్నీ చెబుతాను. ఇక్కడొద్దు, నీకు దణ్ణం పెడతాను."

ఇది మొహమాటం. సత్యవేణికి ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. ఎంతమందిని ఇలా కూర్చోబెట్టి వినలేదు తను! మూడో ప్రశ్న ఎప్పుడూ ఎదురుగా వెయ్యకూడదు. మనిషికి దేని మీద ప్రాణమో దాని పక్కగా వెళ్ళి వెయ్యాలి.

"కాకితిప్ప గట్టు ఎలా ఉందే?" అంది మెల్లగా.

ఇందుమతి మొహం ముడుచుకుపోయింది. "గట్టా? గట్టు కాదే ఒదినా, చీపురుపుల్ల! ఈ వానాకాలం ఆగదని ఇంజనీర్లే మొహం మీద చెబుతున్నారు. మా అన్నయ్యా వాళ్ళు కాలనీకి రమ్మంటే రారు, పిల్లల్ని కూడా అక్కడే పడుకోబెడతారు. మీ లంకలో రాత్రిపూట పడుకునే ప్రాణి ఒక్కటుందా? కొబ్బరిచెట్లు, పనసచెట్లు! చెట్ల కోసం మా పిల్లలు పోవాలా? అందుకే చేశాను. మీ వాళ్ళ నోట మొదటి మాట రాగానే తెంచేశాను. ఒక్కొక్కర్నీ తెంచేశాను!"

పలక మీద రెండు క్రియలు పసుపుపచ్చగా వెలిగాయి. ఇందుమతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, అప్పటికే మాట దాటిపోయింది.

"మమ్మల్ని అడిగుంటే ఇచ్చేవాళ్ళం కాదేమో," అంది సత్యవేణి. "ఇచ్చేవాళ్ళమేమో కూడా. పిల్లలు పడుకునే చోటని చెబితే అబ్బులు బాబాయే ముందొచ్చి తూమెత్తేవాడేమో. అడగలేదు నువ్వు. వాళ్ళ మంచితనం చూసి మెడ మీద కత్తి పెట్టావు."

పలక మీద ఆ పెట్టావు, అడగలేదు కూడా ఇందుమతి పనుల కిందే వచ్చి చేరాయి. ఆమె లెక్కచెయ్యలేదు.

మధ్యస్థి గొంతు ఎప్పటిలాగే తడీ పొడీ లేకుండా వినిపించింది. "నిర్ణేత ఇందుమతి తన క్రియలను తాను నిర్ణయించరాదు. గదిలో ఉన్న మరో నిర్ణేత సత్యవేణి. ఇందుమతి సంబోధన, ఒదిన. బంధుత్వం ఉందా?"

ఇందుమతి ఆత్రంగా తల ఎత్తింది. ఉందని సత్యవేణి ఒక్క మాటంటే ఆ క్రియలు ఎక్కడో దూరపు ఆఫీసుకి పోతాయి. అక్కడివాళ్ళు తీరిగ్గా తేల్చేలోపు పైడిలంక తూములు లేచిపోతాయి, కాకితిప్ప మూరెడు తేలుతుంది. అబద్ధం కూడా కాదు మరి. ఇన్నేళ్ళూ రోజుకి వందసార్లు పిలుచుకున్న పిలుపే. సత్యవేణికి జ్వరమొస్తే రాత్రంతా తలాపున కూర్చున్న మనిషి, పాలు విరిగితే నవ్వి కింద పడ్డ మనిషి.

"చెప్పొదినా," అంది ఇందుమతి.

"లేదు," అంది సత్యవేణి.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు ఒక క్షణం నమ్మకం కలగలేదు. లంక పోతుందని తెలిసినప్పటి కంటే ఇదే ఎక్కువ నొప్పి పెట్టింది. లేచి బల్ల ఇవతలి నుంచి పలక దగ్గరికి నడిచింది.

తెగిన గతం మీద వేలు పెడితే తేలికే. ఇందుమతి ఒక పని చేసింది, ఆ పని ముగిసింది. మధ్యస్థి ఒక మందలింపు పంపుతుంది, ఎర్రగా ఉన్నవన్నీ ఎర్రగానే ఉంటాయి. రేపు మధ్యాహ్నం మళ్ళీ కేరేజీ విప్పుకోవచ్చు కూడా. వెనకటి గతం ఎటూ కుదరదు. మధ్యది ఒక్కటే మిగిలింది. చేసిన చెయ్యి ఇంకా ఆ గడపల మీదే ఉందని అర్థం. ఒక నిర్ణేత నిర్ణయాన్నే తగిలే గతంలో పెట్టిన మనిషి ఇంతవరకు లేరు. పెడితే ఆ నిర్ణేత తేల్చినవన్నీ తేలనివైపోతాయి. దానితోపాటు ఈ గాయం కూడా మానదు. రోజూ తగులుతూనే ఉంటుంది, పక్కపక్క గదుల్లో.

"ఒదినా," ఇందుమతి లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "అయిపోయిందేదో అయిపోయింది. వదిలెయ్యవే."

పలక మీద ఆ క్రియా వెలిగింది.

"అవ్వలేదే," అంది సత్యవేణి చెయ్యి విడిపించుకుంటూ. ఒకదాని తరవాత ఒకటిగా అన్నింటికీ మధ్య రూపం మీదే వేలు ఆనించింది.

"నిర్ధారణ?" అంది మధ్యస్థి.

"అవును."

మామూలుగా అంతటితో సరి. ఈసారి ఆకుపచ్చ రాలేదు. గోడ కాసేపు నల్లగా ఉండిపోయింది. తరవాత ఎన్నడూ ఏదీ రెండోసారి అడగని ఆ గొంతు మళ్ళీ అడిగింది. "నిర్ధారణ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎన్ని లక్షల వినికిడులు వింటూ కూర్చుందో అది, ఏది ఎక్కడ నేర్చుకుందో ఎవరికి తెలుసు.

"అవును," అంది సత్యవేణి.

"నిర్ధారణ?"

మూడోసారి ఆమె పలక వైపే చూస్తూ, "అవును. తగులుతోంది," అంది.

గోడ నిండా పసుపు పరుచుకుంది. పైడిలంక ఒక్కటే కాదు, ఇందుమతి వేలు తగిలిన ప్రతి లంక, ప్రతి గడపా ఎరుపు విడిచి పసుపుపచ్చగా మినుకుమినుకుమంటోంది. అంతటితో ఆగలేదు. పక్క వరసలో సత్యవేణి తేల్చినవీ వెలగడం మొదలుపెట్టాయి, తరవాత ఎవరెవరివో పేరు తెలియని నిర్ణేతలవి. మధ్యస్థి ఒక్కొక్కదాన్నే పిలిచి నిర్ధారణ అడుగుతోంది. వరండాలో సూరన్న ఎవరినో కేకేస్తున్నాడు. పైడిలంక మోటార్లు మళ్ళీ వేగం అందుకున్నాయని గట్టు కాపలావాళ్ళ కబురు వచ్చింది. అబ్బులు బాబాయి ఇంకా ఆ బల్ల మీదే ఉండి ఉంటే అతన్ని లోపలికి పిలవాలి. కొత్త మారుచెవి ముందు మళ్ళీ మొదటినుంచి చెప్పించాలి. కాకితిప్ప పిల్లల సంగతి కూడా అతన్నే అడగాలి, మూడుసార్లు.

ఇందుమతి సాక్షి కుర్చీలో కూలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. సత్యవేణి కూజా మూత తీసింది. బోర్లించిన గ్లాసు తిప్పింది. అలవాటైన చెయ్యి.

"మజ్జిగ తాగుతావా?"

"ఒద్దు," అంది ఇందుమతి తలొంచుకుని.

సత్యవేణి రెండోసారి అడగలేదు.